టైలర్ చేపకు మెటల్ లూర్ ఎంచుకోవడం: ముందు బరువు, తర్వాతే రంగు

అక్కడి చలికాలం వస్తే ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంబడి టైలర్ చేపల గుంపులు గుడ్లు పెట్టడానికి ఉత్తరం వైపు కదులుతాయి. జులై నుంచి అక్టోబరు దాకా క్వీన్స్‌లాండ్‌లోని గర్రి దీవి (2023 దాకా ఫ్రేజర్ ఐలాండ్) ఒడ్డున గాలాల వరసే వరస. పెర్త్ వైపు బీచ్‌లలోనూ ఇది దొరుకుతుంది. న్యూజెర్సీలో ఉన్నవాళ్లు బ్లూఫిష్ అని పట్టేదీ ఇదే జాతి కాబట్టి, కింది లెక్క అక్కడా పనికొస్తుంది.

లూర్ అంటే చేపను మోసగించే కృత్రిమ ఎర. దుకాణంలో గోడ నిండా వేలాడే లూర్లలో మనకు ముందు కనిపించేది రంగు. చేపకు ముందు తేడా తెలిసేది లూర్ ఎంత లోతులో, ఎంత వేగంతో వస్తోందన్నది. దాన్ని తేల్చేది బరువు. చేప ఉన్న చోటికి చేరగలిగిన వాటిలో అన్నిటికన్నా తేలికైనదే ఆ రోజుకు సరైన లూర్.

కారణం సులువు. ఒడ్డుకూ నీళ్లలోని ఇసుక తిన్నెకూ మధ్య లోతుపడిన కాలువను గట్టర్ అంటారు. అక్కడ నీళ్లు ముదురు రంగులో ఉంటాయి, అల విరగదు. తిన్నె మీద విరిగిన నురగ గట్టర్‌లోకి జారే అంచులోనే టైలర్ కాచుకుని ఉంటుంది. నడుము లోతు గట్టర్‌లో 60 గ్రాముల సీసపు లూర్ పడగానే అడుక్కు దిగిపోతుంది. ఇసుకకు తగలకుండా ఉండాలంటే ఊపిరాడనంత వేగంగా రీల్ తిప్పాలి. నెమ్మదిస్తే నాచు పట్టుకుంటుంది. అదే చోట 20 నుంచి 30 గ్రాములది మామూలు వేగానికే పైన ఈదుతూ వస్తుంది.

గట్టర్ దగ్గరలో ఉండి గాలి లేకపోతే 20–30 గ్రాములు. మామూలు రోజుకు 40. తిన్నె అవతలి అంచుకు విసరాల్సి వచ్చినా, గాలి ఎదురుగా కొడుతున్నా 55–60. పెట్టెలో ఒక్కటే ఉండాలంటే 40 గ్రాములది ఉంచుకోండి.

దూరం చాలడం లేదని వెంటనే బరువు పెంచకండి, ముందు ఆకారం మార్చి చూడండి. హాల్కో ట్విస్టీ లాంటి మెలితిరిగిన రేకు ఆకారం నెమ్మదిగా లాగినా తళుక్కుమంటుంది, కానీ గాలిలో పల్టీలు కొట్టి దూరం పోగొట్టుకుంటుంది. స్పానిడ్ రైడర్ లాంటి సన్నటిది అదే 40 గ్రాములకు ఇంకా దూరం వెళ్తుంది. పూర్తిగా గుండ్రటి సీసపు కడ్డీ అన్నిటికన్నా దూరం పోతుంది, కానీ వేగంగా లాగితే తప్ప దానికి ప్రాణం రాదు. కొత్త లూర్‌ను మోకాలి లోతు నీళ్లలో ఒక మీటరు లాగి చూడండి. అటూ ఇటూ ఊగాలి. గిరగిరా తిరిగితే వేగం ఎక్కువైందన్నమాట. అలాగే వదిలేస్తే దారం మెలిపడి, తర్వాతి విసురుకు చిక్కుముడి వస్తుంది. అందుకే లూర్ ముందు మంచి స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కీలు) ఒకటి తప్పనిసరి.

లూర్ పొడవు ఆ రోజు ఒడ్డున తిరిగే చిన్న చేపను బట్టి ఉండాలి. టైలర్ వేలెడంత చేపల్ని తరుముతుంటే పెద్ద లూర్ వెంట వచ్చి కూడా కొరకకుండా తిరిగిపోతుంది. పిల్చర్డ్‌లు (మన కవళ్ల లాంటివి) ఉంటే 8–10 సెంటీమీటర్లది బాగా నడుస్తుంది. పొడవుతో ఇంకో లాభం ఉంది: టైలర్ తోక వైపు నుంచి కొరుకుతుంది కాబట్టి, పొడవాటి మెటల్ దాని పళ్లకూ లీడర్‌కూ (లూర్‌కు ముందు కట్టే గట్టి దారం ముక్క) మధ్య అడ్డుగా ఉంటుంది. 30 పౌండ్ల బలమున్న మోనో (ఒంటి పోగు నైలాన్) లీడర్ 60–80 సెంటీమీటర్లు చాలు. పదే పదే తెగిపోతుంటేనే 10 సెంటీమీటర్ల సన్నటి ఒంటి తీగ కట్టండి. తీగ ఉంటే కొరకడం తగ్గుతుంది.

కంపెనీ ఇచ్చిన ట్రెబుల్ హుక్ (మూడు ముళ్ల గాలం) తీసేయండి. టైలర్ గాల్లోకి ఎగిరి తల విదిలిస్తుంది, ఆ విదిలింపుకు బరువైన లూరే మీటలా పనిచేసి చిన్న ముల్లును ఊడదీస్తుంది. పైగా మూడు ముళ్లకూ నాచు పడుతుంది, ఇసుకలో ఎగిరిపడే చేప నోట్లోంచి దాన్ని తీస్తుంటే మీ చేతికే గుచ్చుకుంటుంది. దాని బదులు 30–40 గ్రాముల లూర్‌కు 2/0 నుంచి 4/0 సైజు ఇన్‌లైన్ సింగిల్ హుక్ (లూర్‌కు తిన్నగా నిలిచే ఒంటి ముల్లు) వేయండి. హుక్ వంపు లోపలి వెడల్పు లూర్ వెడల్పు కన్నా ఎక్కువ ఉండాలి. లేకపోతే లూర్ శరీరమే ముల్లుకు అడ్డం పడి, కొరికిన చేప కొరికినట్టే జారిపోతుంది. హుక్‌ను లూర్‌కు తగిలించే స్ప్లిట్ రింగ్ కూడా గట్టిది మార్చండి.

రంగు సంగతి క్లుప్తంగా: వెండి రంగు ఎప్పుడూ సరిపోతుంది. నీళ్లు మురికిగా ఉంటే బంగారు రంగు, చీకటి పడే వేళ ముదురు రంగు ప్రయత్నించవచ్చు. పెయింట్ గీసుకుపోయిందని లూర్ పారేయకండి.

రాడ్ 9–11 అడుగులది, రీల్ 4000–6000 సైజు, బ్రెయిడ్ (అల్లిన దారం) 15–20 పౌండ్లు. రాడ్ మీద రాసిన గరిష్ఠ బరువులో ముప్పావు వంతు లూర్‌తోనే అది హాయిగా వంగి విసురుతుంది. లూర్ నీటిని తాకేలోపే దారం బిగించి, తాకగానే తిప్పడం మొదలుపెట్టండి. లూర్ నీటి మీద గెంతుతుంటే రాడ్ కొన కిందికి దించండి. ఒడ్డు దగ్గర విరిగే అలలో కూడా నెమ్మదించకండి. వెంటాడి వచ్చిన చేప చాలాసార్లు ఆ చివరి నాలుగు మీటర్లలోనే కొరుకుతుంది.

ఉంచుకోదగ్గ టైలర్ కనీస పొడవు క్వీన్స్‌లాండ్‌లో 35, న్యూ సౌత్ వేల్స్‌లో 30 సెంటీమీటర్లు. న్యూ సౌత్ వేల్స్‌లో ఫిషింగ్ ఫీజు కూడా కట్టాలి. గర్రిలో ఇండియన్ హెడ్, వాడీ పాయింట్ల చుట్టూ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చేపలు పట్టడం పూర్తిగా నిషేధం. రోజువారీ పరిమితులు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఆ రాష్ట్రపు ఫిషరీస్ సైట్ చూడండి.

ఇంటికి రాగానే లూర్లను మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టండి. తడి లూర్ ఒక్కటి మూసిన పెట్టెలో ఉన్నా పక్కనున్న హుక్‌లన్నిటికీ తుప్పు పడుతుంది.