జాగా జాజిస్ట్ సంగీతాన్ని కొత్తగా వినేవారికి ఒక దారి

నార్వేలోని తోన్స్‌బర్గ్ పట్టణంలో 1994లో, 14 ఏళ్ల వయసులో లార్స్ హోర్న్‌ట్వెట్ మొదలుపెట్టిన జాగా జాజిస్ట్ బృందం జాజ్‌నూ ఎలక్ట్రానిక్ సంగీతాన్నీ విడదీయరానంతగా కలిపింది. ఇంత మంచి సంగీతాన్ని గందరగోళంగా ఉందనుకుని ఎవరూ మధ్యలో వదిలేయకూడదనే ఉద్దేశంతో ఈ సూచనలు రాస్తున్నాను.

పాట అనగానే గొంతునూ సాహిత్యాన్నీ వెదకడం మనకు అలవాటు. వీరి రచనల్లో చాలావాటికి సాహిత్యమే ఉండదు. ట్రంపెట్, ట్రాంబోన్, బేస్ క్లారినెట్, వైబ్రఫోన్, గిటార్లు, సింథసైజర్లు ఒకదానిపై ఒకటి చేరుతూ పోతాయి. కనుక అన్నింటినీ ఒకేసారి పట్టుకోవాలని చూడకుండా, విన్న ప్రతిసారీ ఒక్క వాద్యం వెంటే నడవండి. ఫోను స్పీకరు మాత్రం పనికిరాదు, ఎందుకంటే లార్స్ తోబుట్టువు లీనె వాయించే ట్యూబా మంద్రస్వరాలు అందులో దాదాపు మాయమైపోతాయి. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

ఆల్బమ్‌లను విడుదలైన వరుసలో వినవలసిన అవసరం లేదు. 1996లో వచ్చిన తొలి ఆల్బమ్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టి, 2001 నాటి 'ఎ లివింగ్‌రూమ్ హష్'తో మొదలుపెట్టండి. అందులోని 'యానిమల్ చిన్' రచనను కనీసం మూడుసార్లు వినాలి. మొదటిసారి మార్టిన్ హోర్న్‌ట్వెట్ డ్రమ్స్ మీదే దృష్టి నిలపండి: యంత్రంతో ముక్కలు చేసి పేర్చినట్టుండే డ్రమ్ అండ్ బేస్ (వేగంగా సాగే ఒక ఎలక్ట్రానిక్ సంగీత శైలి) నడకను ఒక మనిషి చేతులు అంత వేగంగా పలికించడం అక్కడ వినిపిస్తుంది. రెండోసారి ఆ వేగాన్ని పట్టించుకోకుండా పైన తీరికగా సాగే ఊదు వాద్యాల వరుసను అనుసరించండి. మూడోసారి రెండింటినీ కలిపి వింటే, ఒకే రచనలో రెండు వేగాలు ఎలా ఇమిడాయో తెలుస్తుంది. నా దృష్టిలో ఈ బృందం ప్రత్యేకత అంతా ఇక్కడే ఉంది.

తర్వాత గిటార్లు ముందుకు వచ్చే 'వాట్ వి మస్ట్' (2005) సులభంగానే వంటబడుతుంది. 'వన్ ఆర్మ్‌డ్ బ్యాండిట్' (2010) అలా కాదు. లెక్క తప్పుతున్నట్టు అనిపించినచోట చేత్తో తాళం వేస్తూ వినండి. కర్ణాటక కచేరీల్లో అలా వినడం అలవాటైనవారికి అది కష్టం కాదు.

నాలుగే రచనలున్న 'పిరమిడ్' (2020)ను మాత్రం తీరిక చూసుకుని, ఒకే విడతలో, మధ్యలో ఆపకుండా వినాలి. ఇందులోని 'తొమిత' జపాన్ సింథసైజర్ సంగీతకారుడు ఇసావో తొమితకు నివాళి కాబట్టి, ఆయన సంగీతాన్ని కూడా కాస్త ముందుగా విని ఉంటే సింథసైజర్ల రంగులు మరింత స్పష్టంగా తెలుస్తాయి. ఆపైన బ్రిట్టెన్ సిన్‌ఫోనియా వాద్యబృందంతో కలిసి వీరు చేసిన 2013 నాటి కచేరీ ఆల్బమ్‌కు వెళ్లండి; అప్పటికే పరిచయమైన రచనలు అందులో తీగ వాద్యాల తోడుతో వినిపిస్తాయి.