ఏడో నెలలో నడుము నొప్పి తగ్గిన తీరు

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్లే నాకు ఏడో నెలలో నడుము పట్టేసేది. "కడుపుతో ఉన్నప్పుడు ఇవి మామూలేనమ్మా" అన్నారు అత్తయ్య. మామూలే కావచ్చు, కానీ భరించి తీరాలంటే నా మనసు ఒప్పుకోలేదు.

బరువు ముందుకు జరగడంతో నడుము దగ్గర వెన్ను వంపు పెరుగుతుందని, హార్మోన్ల వల్ల కటి కీళ్ల పట్టు సడలుతుందని ఫిజియోథెరపిస్టు వివరించారు. ఈ వంపు ఆడవారిలో మూడు పూసలకు, మగవారిలో రెండింటికి విస్తరించి ఉంటుందని 2007లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. మన వెన్ను ఈ బరువుకు సిద్ధపడే ఉంది!

బస్సులో నడుము వెనుక చున్నీ మడిచి పెట్టుకున్నాను. ఆఫీసులో కాళ్ల కింద చిన్న పీట. రాత్రి ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు. అన్నిటికన్నా మేలు చేసింది మాత్రం చేతులు, మోకాళ్లు నేలకు ఆనించి, ఊపిరి వదులుతూ వెన్నును మెల్లగా పైకి గుండ్రంగా వంచే వ్యాయామం. కొద్ది రోజులకే హాయిగా నిద్ర పట్టింది.

ఈ వ్యాయామం వల్ల బిడ్డ సరిగా తిరిగి కాన్పు సులువవుతుందని కొందరంటారు; పరిశోధనల్లో అది రుజువు కాలేదు. కాన్పు నొప్పులు మొదలయ్యాక నిటారుగా ఉండటం, నడవడం మాత్రం కాన్పు మొదటి దశను, అంటే గర్భాశయ ముఖం పూర్తిగా తెరుచుకునే వరకు పట్టే సమయాన్ని, గంటకు పైగా తగ్గించవచ్చు. నడుము నొప్పితో పాటు రక్తస్రావమో జ్వరమో ఉంటే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.