గోడ ప్లగ్గు నుంచి హెడ్‌ఫోన్ దాకా: గిటార్ ప్రాసెసర్ కంప్యూటర్‌తో మొరాయించినప్పుడు

“అన్నా, ప్రాసెసర్ పెట్టంగనే లాప్‌టాప్‌ల సౌండ్ వస్తలేదు” అనే ఫోను నాకు తరచూ వస్తుంది. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఎలక్ట్రిక్ గిటార్ పట్టినవారు ఎక్కువగా చర్చిలో వాయించేవారో, పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రాతో వెళ్లేవారో, ఇంట్లో తలుపు వేసుకొని రికార్డు చేసుకొనేవారో అయి ఉంటారు. పెద్ద ఆంప్లిఫయర్ కొనే స్థోమత, దాన్ని గట్టిగా మోగించే చోటు రెండూ లేని వీరికి డిజిటల్ మోడలింగ్ ప్రాసెసరే ఆధారం. ఆంప్లిఫయరూ స్పీకర్ పెట్టే చేసే పనిని లెక్కలతో అనుకరించే ఈ పద్ధతి, 1998లో లైన్ 6 సంస్థ తెచ్చిన పాడ్ తర్వాత సామాన్య వాద్యకారుల చేతికి అందింది. ఇప్పటి ప్రాసెసర్లలో చాలావరకు యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌గా, అంటే గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకీ కంప్యూటర్ శబ్దాన్ని బయటికీ చేర్చే పెట్టెగా కూడా పనిచేస్తాయి, అంటే ఒకే డబ్బా రెండు ఉద్యోగాలు చేస్తుంది. లోపం ఏ ఉద్యోగంలో వచ్చిందో తేల్చుకోకుండా డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తూ కూర్చుంటే సాయంత్రం గడిచిపోతుందే తప్ప పని కాదు. నేను చూసినంతలో మన దగ్గర లోపం కంప్యూటర్‌లో కంటే ముందు కరెంటులోనో కేబుల్‌లోనో దొరుకుతుంది కనుక, వెతుకులాటను గోడ దగ్గరే మొదలుపెట్టమని చెబుతాను.

అన్నిటికంటే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. యూఎస్‌బీ కేబుల్ పూర్తిగా తీసేసి, ప్రాసెసర్‌కే హెడ్‌ఫోన్ పెట్టి గిటార్ వాయించండి. గరగర, గుయ్యిమనే మోత, శబ్దం రాకపోవడం వంటి మీ ఫిర్యాదు అప్పుడు కూడా ఉంటే కంప్యూటర్‌కు దానితో సంబంధం లేదు. యూఎస్‌బీ తగిలించాకే మొదలైతే గిటార్‌కు, గిటార్ కేబుల్‌కు సంబంధం లేదు. ఈ ఒక్క నిమిషం పనితో వెతకవలసిన దారి సగమవుతుంది. ఆ తర్వాత ఒకసారికి ఒక్క వస్తువే మార్చాలి. కేబులూ, ప్లగ్గూ, సెట్టింగూ ఒకేసారి మార్చి బాగయిందని సంతోషపడినవారు వచ్చే వారం మళ్లీ మొదటికే వస్తారు.

ఇక కరెంటు సంగతి. గిటార్ ప్రాసెసర్లలో చాలావాటికి 9 వోల్టుల డీసీ అడాప్టర్ కావాలి, దాని పిన్ను లోపలి భాగం మైనస్‌గా, బయటి గొట్టం ప్లస్‌గా ఉంటుంది. వైఫై రూటర్లతో వచ్చే అడాప్టర్లు సాధారణంగా దీనికి తలకిందులుగా, లోపల ప్లస్‌తో, చాలాసార్లు 12 వోల్టులతో ఉంటాయి. చిక్కేమిటంటే రెండింటి పిన్నూ చూడడానికి ఒకేలా ఉండి సరిగ్గా దిగుతుంది. ఒక మిత్రుడు ఆరాధన మొదలయ్యే తొందరలో రూటర్ అడాప్టర్ గుచ్చి, ప్రాసెసర్ వెలగకపోయేసరికి అది పాడైందని నిర్ధారించుకున్నాడు. లోపలి రక్షణ డయోడ్ కాపాడింది కానీ అన్ని యంత్రాలకూ ఆ అదృష్టం ఉండదు. అడాప్టర్ వీపు మీద చిన్న వృత్తం, దాని చుట్టూ అర్ధచంద్రం లాంటి గీత, ఇరువైపులా ప్లస్, మైనస్ గుర్తులు ఉన్న బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మా, వోల్టులూ ప్రాసెసర్ మీద రాసినదానితో అచ్చంగా సరిపోవాలి, మిల్లీఆంపులు మాత్రం అడిగినదానికంటే ఎక్కువ ఉన్నా నష్టం లేదు. మిల్లీఆంపులు తక్కువైతే యంత్రం వెలిగినట్టే వెలిగి, బరువైన ప్యాచ్ (ముందే పేర్చి దాచుకున్న శబ్దపు అమరిక) ఎంచుకోగానే ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది.

మోత విషయంలో చెవి మంచి పరికరం. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక దాని నుంచి వచ్చే మోత 50 దగ్గరా, 100 దగ్గరా మందంగా గుయ్యిమంటుంది. గిటార్ వాల్యూమ్ నాబ్‌ను పూర్తిగా తగ్గించండి. మోత పోతే అది పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే కాయిల్ భాగం) పట్టుకొస్తున్నది. కుర్చీలోనే కూర్చొని గిటార్‌ను మెల్లగా ఒక పక్కకు తిప్పితే ఏదో ఒక దిశలో అది బాగా తగ్గుతుంది, చుట్టుపక్కల చూస్తే పాత ట్యూబులైటు చోకో, ఫ్యాను రెగ్యులేటరో, ఇన్వర్టరో కనిపిస్తుంది. ఒకే కాయిల్ ఉన్న పికప్‌లకు ఈ జబ్బు సహజం. దానికి విరుగుడుగానే గిబ్సన్ ఇంజనీరు సేత్ లవర్ 1955లో రెండు కాయిళ్ల హంబకర్‌కు పేటెంట్ దరఖాస్తు చేశాడు. ఇళ్లలో ఉండే చవకరకం ఇన్వర్టర్లు సైన్ వేవ్‌కు బదులు స్క్వేర్ వేవ్ ఇస్తాయి కనుక, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్న క్షణం నుంచి మోత స్వభావమే మారి, జోరీగ చెవి దగ్గర తిరిగినట్టుంటుంది. అప్పుడు ఏ నాయిస్ గేటూ (వాయించనప్పుడు శబ్దాన్ని మూసేసే ఎఫెక్టు) పనిచేయదు, రికార్డింగ్ ఆపి టీ తాగడం మేలు.

ఊరి అంచున, బోరు మోటార్లు ఉన్న లైను మీద ఇల్లుంటే ఇంకో తలనొప్పి ఉంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. స్టార్టర్ టక్కుమన్న మరుక్షణం మా ఇంట్లో బల్బు ఒకసారి మసకబారుతుంది, హెడ్‌ఫోన్‌లో టప్పుమంటుంది, రికార్డింగ్‌లో ఆ టప్పు అలాగే ఉండిపోతుంది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి దానికేమీ కాదు, దెబ్బ తగిలేది అడాప్టర్ మీద నడిచే ప్రాసెసర్‌కే. చిన్న ఆన్‌లైన్ రకం యూపీఎస్ (లైను కరెంటును నేరుగా పంపకుండా ఎప్పుడూ తానే తయారుచేసి ఇచ్చేది) ఉంటే ఈ బాధ తీరుతుంది. బ్యాటరీలతో నడిచే ప్రాసెసరైతే రికార్డింగ్ వేళ బ్యాటరీలే వేసుకోవచ్చు.

యూఎస్‌బీ తగిలించినప్పుడే మోత వచ్చి, లాప్‌టాప్ చార్జర్ తీసేయగానే పోతే దాన్ని గ్రౌండ్ లూప్‌గా అనుమానించాలి. లాప్‌టాప్ ఒక గదిలోని ప్లగ్గు నుంచి, స్పీకర్లో మిక్సరో మరో చోటి ప్లగ్గు నుంచి కరెంటు తీసుకొంటూ, రెండు ఎర్తుల మధ్య తేడా ఆడియో కేబుల్ గుండా ప్రవహించడమే దీనికి కారణం. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టడం మొదటి మందు. అది చాలకపోతే టేక్ నడుస్తున్నంతసేపు లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద ఉంచడం, మిక్సర్‌కు పోయే దారిలో గ్రౌండ్ లిఫ్ట్ మీట (ఆడియో కేబుల్ ఎర్తును మాత్రమే విడదీసేది) ఉన్న డీఐ బాక్సు, అంటే వాద్యం శబ్దాన్ని మిక్సర్‌కు తగినట్టు మార్చే చిన్న డబ్బా పెట్టడం మిగిలిన మార్గాలు. మోత పోతుందని ప్లగ్గు మూడో పిన్నును విరిచేవారున్నారు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు, అది మోతను ఆపే పిన్ను కాదు, ప్రాణాన్ని కాపాడే పిన్ను.

తీగలు ముట్టుకున్నప్పుడు చిటచిటమన్నా, మైకుకు పెదవి తగిలినప్పుడు చురుక్కుమన్నా వాయించడం వెంటనే ఆపేయండి. చార్జర్లలోని ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ కారుతుంటుంది. ఎర్త్ సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే యూఎస్‌బీ కేబుల్ తొడుగు మీదుగా ప్రాసెసర్‌కు, అక్కడి నుంచి గిటార్ తీగలకు చేరుతుంది. అసలైన లీకేజీ కూడా ఇదే దారిలో వస్తుంది, తేడా ఒంటితో కనిపెట్టబోవడం ప్రమాదం. మనది రాతి నేల. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఎర్త్ గుంత నడివేసవిలో ఎండిపోతే తీగ తెగకపోయినా ఎర్త్ బలహీనపడుతుంది. గుంతలో నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ కొలిపించండి.

కేబుల్ వంతుకొద్దాం. ప్రాసెసర్లలో చాలావాటికి ఉండే చదరపు యూఎస్‌బీ రంధ్రానికి సరిపోయేదాన్ని దుకాణాల్లో ప్రింటర్ కేబుల్ అంటారు, నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్‌లో అయినా ఆ పేరు చెబితేనే త్వరగా దొరుకుతుంది. మైక్రో లేదా టైప్ సి రంధ్రం ఉన్నవాటితో మోసం ఎక్కువ. యూఎస్‌బీ 2 కేబుల్‌లో కరెంటుకు రెండు, సమాచారానికి రెండు తీగలుండాలి, కేవలం చార్జింగ్ కోసం చేసినవాటిలో సమాచారపు తీగలు ఉండవు. ప్రాసెసర్ వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం దాన్ని చూడదు. అదే కేబుల్‌తో ఫోను తగిలించి ఫొటోలు కంప్యూటర్‌కు వస్తున్నాయో లేదో చూస్తే అనుమానం తీరిపోతుంది. పొడవు 5 మీటర్లు దాటకూడదు, హబ్బు వద్దు, డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టు కంటే వెనుక మదర్‌బోర్డు మీదున్న పోర్టు నయం.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరకు వెళ్లవచ్చు. మొదట చెప్పిన ఫోను సమస్యకు జవాబు సులువు: యూఎస్‌బీ ఆడియో పరికరం తగలగానే విండోస్ చాలాసార్లు శబ్దం మొత్తాన్ని దానికే మళ్లిస్తుంది, కాబట్టి లాప్‌టాప్ స్పీకర్లు మూగబోతాయి, పాట ప్రాసెసర్ హెడ్‌ఫోన్ రంధ్రంలో వినిపిస్తూనే ఉంటుంది. అది లోపం కాదు, రికార్డింగ్‌కు అలాగే ఉండాలి. దీనికి ఎదురు సమస్య, అంటే పాట వినిపిస్తున్నా గిటార్ రికార్డు కాకపోవడం, వస్తే సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగంలో మైక్రోఫోన్ అనుమతి చూడండి. గిటార్‌కూ మైకుకూ పొంతనేమిటని అనిపిస్తుంది కానీ, విండోస్ కళ్లకు లోపలికి వచ్చే ఏ శబ్దమైనా మైకే. డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు ఆ అనుమతి లేకపోతే మీటర్ కదలదు. మ్యాక్‌లో కూడా 2018 నాటి మొహావీ నుంచి ఇదే పద్ధతి.

డ్రైవర్‌ను తయారీదారు సైటు నుంచే తీసుకోవాలి. 2017లో వచ్చిన విండోస్ 10 1703 రూపం నుంచి యూఎస్‌బీ ఆడియో రెండో తరగతి పరికరాలు విడి డ్రైవర్ లేకుండానే గుర్తింపు పొందుతున్నాయి, అయినా మీటడానికీ వినిపించడానికీ మధ్య ఆలస్యం తగ్గాలంటే ఏఎస్‌ఐఓ డ్రైవర్ (రికార్డింగ్ ప్రోగ్రామును పరికరంతో దాదాపు నేరుగా కలిపేది) కావాలి. తయారీదారు అది ఇవ్వనప్పుడే ఏఎస్‌ఐఓ ఫర్ ఆల్ వాడండి. అది విండోస్ సొంత డ్రైవర్ మీద వేసే ముసుగు మాత్రమే, అసలుదానికి సాటిరాదు.

మీటిన తర్వాత శబ్దం వెనకబడి వినిపిస్తే లెక్క వేసుకోవడం మంచిది. బఫర్‌ను (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకొనే శాంపిళ్ల సంఖ్య) శాంపిల్ రేటుతో (సెకనుకు శబ్దాన్ని కొలిచే సార్లు) భాగిస్తే ఒకవైపు ఆలస్యం వస్తుంది: 48,000 వద్ద 128 శాంపిళ్లకు సుమారు 2.7 మిల్లీసెకన్లు, 512కు 10.7, 1024కు 21.3. వెళ్లి రావడానికి దీనికి రెట్టింపు, పైన మార్పిడుల ఖర్చు కొంత. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది కనుక, మూడు మీటర్ల దూరంలోని ఆంప్లిఫయర్ ముందు వాయించడమన్నా దాదాపు 9 మిల్లీసెకన్ల ఆలస్యంతో వాయించడమే. అంతవరకు వేళ్లు ఇబ్బంది పడవు. వాయించేటప్పుడు 128, మిక్సింగ్‌లో 1024 పెట్టుకోవచ్చు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం ఈ లెక్కకు అందదు, దానితో తాళం నిలవదు. గిటార్ రెండుసార్లు, బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తే ప్రాసెసర్ నేరుగా ఇచ్చే శబ్దమూ, సాఫ్ట్‌వేర్ తిప్పి పంపేదీ కలుస్తున్నాయని అర్థం. ట్రాక్ మీద మానిటర్ మీట ఆపేయండి.

చిటపటలకు బఫర్ పెంచడం తాత్కాలిక వైద్యం. వైఫై, బ్లూటూత్ ఆపి చూడండి, పవర్ ప్లాన్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (కరెంటు ఆదాకు యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చే సెట్టింగ్) తీసేయండి. తగ్గకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత సాధనం ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో సహా చూపిస్తుంది. శాంపిల్ రేట్లు కలవకపోవడం కూడా చిటపటలకు కారణమే. 44,100లో రికార్డయిన పాటను 48,000గా చదివిస్తే వేగం దాదాపు 9 శాతం, శ్రుతి సుమారు ఒకటిన్నర స్వరస్థానం పెరుగుతాయి. పాడే అమ్మాయి “ఇది నా గొంతు కాదు” అంటే ఆమె మాట నమ్మి, ప్రాసెసర్, విండోస్, రికార్డింగ్ ప్రాజెక్టు మూడింటిలోనూ ఒకే అంకె పెట్టండి.

శబ్దం వస్తుంది కానీ తేనెటీగల తుట్టెలా గీరుగా ఉందంటే ప్యాచ్‌లో క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) అనుకరణ ఆగి ఉంటుంది. కంప్యూటర్‌కూ చర్చి మిక్సర్‌కూ అది ఉండాలి. గిటార్ ఆంప్లిఫయర్‌కు పెట్టేటప్పుడు తీసేయాలి, లేకపోతే దుప్పటి కప్పినట్టు మూగగా ఉంటుంది. రికార్డింగ్ మీటర్ శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు, 24 బిట్లలో అంతకంటే ఎక్కించి లాభం లేదు.

ఫర్మ్‌వేర్ (ప్రాసెసర్‌ను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌ను చివరిదాకా ఆపండి, చేసే ముందు ప్యాచ్‌లన్నీ కంప్యూటర్‌లోకి తీసుకోండి. ఒక మే నెల మధ్యాహ్నం నాది అరవై శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, ప్రాసెసర్ తెర మాత్రం నల్లబడింది. మాన్యువల్‌లో చెప్పినట్టు రెండు మీటలు నొక్కిపట్టి ఆన్ చేస్తే అప్‌డేట్ మోడ్‌లోకి వెళ్లి మళ్లీ రాయించుకుంది; ఆరు నెలలుగా పేర్చుకున్న ప్యాచ్‌లు దాచి పెట్టుకోలేదు కనుక పోయాయి. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా ఇదే నష్టం.

ఇవన్నీ చేసినా లోపం నిలిచి ఉంటే హైదరాబాద్ బస్సెక్కక తప్పదు. ప్రాసెసర్‌తో పాటు దాని అడాప్టర్, మీరు వాడే యూఎస్‌బీ కేబుల్ కూడా సంచిలో పెట్టుకోండి, ఒక కాగితం మీద ఇలా రాయండి: “యూఎస్‌బీ లేకుండా హెడ్‌ఫోన్‌లో బాగుంది. యూఎస్‌బీ పెట్టాక పది నిమిషాలకు గుర్తింపు పోతుంది. రెండు కంప్యూటర్లలో, మూడు కేబుళ్లతో ఇదే. అడాప్టర్ మార్చి చూశాను.” ఆ నాలుగు వాక్యాలు చదివిన మెకానిక్ నేరుగా యూఎస్‌బీ రంధ్రం అతుకు దగ్గరే విప్పడం మొదలుపెడతాడు.