కుళాయి దగ్గరి మడుగు: గైడ్ టీచర్లకు ప్రాజెక్టు పాఠాలు, 3వ భాగం

గత భాగంలో పిల్లలను బడి ఆవరణంతా తిప్పి, కంటపడిన ఇబ్బందులన్నీ రాయించి, వాటిలో ఒకటి ఎంచుకున్నాం. మనం ఎంచుకున్నది ఏ జిల్లా పరిషత్ హైస్కూల్లోనైనా ఉండేదే: మధ్యాహ్న భోజనం తర్వాత పళ్లేలు కడిగే కుళాయిల దగ్గర నిలిచే మడుగు. ఈ భాగంలో దాన్ని ఒక సమస్యావాక్యంగా రాయించి, మొదటి నమూనా దాకా వెళ్దాం. రెండు వారాలు పడుతుంది. అంతకన్నా ముందే అయిపోయిందంటే ఏదో ఒక కొలత ఎగ్గొట్టారన్నమాట.

వాక్యంలో గుంత ఉండకూడదు

మొదటి రోజు పిల్లలు రాసుకొచ్చే వాక్యం దాదాపుగా ఇలా ఉంటుంది: "మా బడిలో ఇంకుడు గుంత లేదు." ఇది సమస్య కాదు, ముందే ఖాయం చేసుకున్న పరిష్కారం. తప్పని కొట్టేయకండి. వరసగా అడుగుతూ పోండి.

"గుంత ఉంటే ఏమవుతుందమ్మా?"

"నీళ్లు ఇంకిపోతాయి సార్."

"ఇంకకపోతే ఎవరికి ఇబ్బంది?"

"దోమలొస్తాయి సార్."

"ఈ మడుగులోంచే వస్తున్నాయని ఎలా తెలిసింది?"

ఇక్కడ పిల్లలు ఆగిపోతారు. ఆగనివ్వండి. ఈ జవాబు మీరు చెప్పకూడదు, వాళ్లు మడుగు దగ్గరికి వెళ్లి తెచ్చుకోవాలి. ఒక తెల్ల గిన్నె, పొడవాటి పిడి ఉన్న గరిటె, చేతులకు తొడుగులు ఇచ్చి పంపండి. మడుగు అంచు వెంట పది చోట్ల గరిటెతో ముంచి గిన్నెలో పోసి, లార్వాలు, అంటే నీళ్లలో ఈదే దోమ పిల్లపురుగులు, లెక్కపెట్టాలి. మనిషి నీడ పడితే లార్వాలు అడుగుకు దిగిపోతాయి. అందుకే సూర్యుడికి ఎదురుగా నిలబడాలి, ఒక్కో ముంపుకు మధ్య రెండు నిమిషాలు ఆగాలి. ఆత్రంగా పదిసార్లు ముంచేసి "ఒక్కటీ లేదు సార్" అని వచ్చే జట్టు తప్పకుండా ఉంటుంది.

లార్వా నీటి పైపొరకు తల కిందులుగా ఏటవాలుగా వేలాడుతోందా, పొరకు సమాంతరంగా పడుకుని ఉందా అన్నదీ రాయించండి. పడుకుని ఉంటే అనాఫిలిస్, అంటే మలేరియా దోమ రకం. మురికి మడుగులో ఎక్కువగా కనిపించేది ఏటవాలుగా వేలాడే క్యూలెక్స్, అంటే బోదకాలు వ్యాపింపజేసే రకం. పిల్లలు చార్టు మీద పెద్దక్షరాలతో "డెంగీ" అని రాసేస్తారు. డెంగీ దోమ ఏడిస్ ఎక్కువగా గుడ్లు పెట్టేది తొట్లలో, పాత టైర్లలో నిలిచిన కాస్త తేటనీటిలో. ఆ మాట కొట్టేయించండి.

ఆదివారం చెప్పే సంగతి

మడుగు నీళ్లు నిజంగా పళ్లేలు కడిగినవేనా? దీనికి పరీక్ష ఉచితంగా దొరుకుతుంది. శనివారం బడి వదిలాక మడుగు అంచు చుట్టూ పుల్లలు పాతించండి. ఆదివారం భోజనమూ లేదు, కడగడమూ లేదు. సోమవారం ప్రార్థనకు ముందు చూస్తే అంచు పుల్లల నుంచి బాగా లోపలికి తగ్గి ఉండాలి. తగ్గకపోతే ఎక్కడో కుళాయి కారుతున్నట్టే. కుళాయి కింద సీసా పెట్టి గంటసేపు పట్టి, 24తో హెచ్చవేయించండి. సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారినా రోజుకు 4 లీటర్లు దాటుతుంది. వాషర్ మారిస్తే పోయేదానికి గుంత ఎందుకు?

తర్వాత నీటి లెక్క. పది మంది పళ్లేలు కడిగే నీరంతా ఒక టబ్బులో పట్టి కొలవాలి. ఎవరో చూస్తున్నారంటే పిల్లలు పొదుపుగా కడుగుతారు కాబట్టి మొదటి రోజు అంకెను పక్కన పెట్టి, తర్వాతి మూడు రోజుల సగటు తీసుకోండి. ఉదాహరణకు పది పళ్లేలకు 23 లీటర్లు వస్తే ఒక్కో పళ్లేనికి 2.3 లీటర్లు. 180 మందికి 414 లీటర్లు.

ఇప్పుడు వాక్యం ఇలా మారుతుంది: "రోజూ 180 పళ్లేలు కడిగిన సుమారు 414 లీటర్ల నీరు మెతుకులతో, నూనెతో కలిసి కుళాయిల కింద నిలుస్తోంది, ఆదివారం సగానికి తగ్గుతోంది గానీ ఆరడం లేదు, పది ముంపుల్లో ఆరింట దోమ లార్వాలు కనిపించాయి, 6వ తరగతి కిటికీ అక్కడికి 8 అడుగులు." ఎక్కడ, ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి. గుంత మాటే లేదు.

నేల ఎంత తాగుతుంది

నీళ్లను నేలలోకే పంపుదామని జట్టు అనుకుంటే ముందు నేలను అడగాలి. అడుగు వెడల్పు, మూడడుగుల లోతు గొయ్యి కావాలి. తవ్వే పని పెద్దవాళ్లదే. పార తగిలి నునుపెక్కిన గోడలు నీటిని పీల్చవు, కాబట్టి వాటిని మొనతో గీరాలి. అడుగున 5 సెంటీమీటర్ల కంకర పరిచి, నీళ్లు నింపి రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు కంకర మీద 15 సెంటీమీటర్ల నీరు ఉండేలా సరిచేసి, అరగంటలో ఎంత దిగిందో స్కేలుతో చూడాలి. 7.5 సెంటీమీటర్లు దిగితే, 2.5 సెంటీమీటర్లకు 10 నిమిషాలు పట్టినట్టు.

సెప్టిక్ ట్యాంకు నీటిని ఇంకించడానికి మన ఐ.ఎస్. 2470 ప్రమాణం వాడే లెక్కే ఇక్కడా పనికొస్తుంది: 204ను ఆ నిమిషాల వర్గమూలంతో భాగించాలి. 10 నిమిషాలైతే 65 వస్తుంది. అంటే చదరపు మీటరు గోడ రోజుకు 65 లీటర్లు తాగుతుంది. 414 లీటర్లకు 6.4 చదరపు మీటర్ల గోడ కావాలి. అందరూ తవ్వే మీటరు గుంతకు నాలుగు గోడలూ కలిపి 4 చదరపు మీటర్లే, అడుగు భాగం త్వరలోనే పూడుకుపోతుంది కాబట్టి లెక్కలోకి రాదు. ఒక గుంత చాలదని తవ్వకముందే తేలిపోయింది. అదే మీటరు లోతులో 3 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు కందకం తీస్తే 7.2 వస్తుంది. లోతును నీళ్లు వచ్చే గొట్టం దగ్గర్నుంచి కిందికే లెక్కించాలి.

నల్లరేగడిలో ఒక మోసముంది. ఎండాకాలం పగుళ్లలోకి నీరు గబగబా పోతుంది, పిల్లలు సంబరపడతారు. తడిస్తే అదే నేల ఉబ్బి మూసుకుపోతుంది. రాత్రంతా నానబెట్టమన్నది ఇందుకే. 2.5 సెంటీమీటర్లకు 60 నిమిషాలు దాటితే ఇంకుడు మాట వదిలేసి, నీటిని అరటి, మెట్టతామర మడి వైపు మళ్లించే దారి చూడండి.

మొదటి నమూనా: ఒకే ప్రశ్న

పిల్లల దృష్టిలో నమూనా అంటే థర్మాకోల్, నీలిరంగు, చిన్న బల్బు. ప్రదర్శనకు అవి సరే. మనకు కావలసింది ఒక ప్రశ్నకు జవాబిచ్చే వస్తువు. ఇక్కడి ప్రశ్న: మెతుకులు, నూనె గుంతదాకా పోకుండా ఆపగలమా? ఇవి లోపలికి పోతే మంచి నేల కూడా కొన్నాళ్లకు పూడుకుపోతుంది.

20 లీటర్ల పెయింటు బకెట్ తీసుకుని, అంచుకు 10 సెంటీమీటర్ల కింద రంధ్రం చేసి ట్యాంక్ నిప్పల్ (ట్యాంకు గోడకు గొట్టం తగిలించే మరల ముక్క) బిగించండి. ఎపాక్సీ ముద్ద ఈ ప్లాస్టిక్ మీద సరిగా పట్టదు, రెండో రోజుకే కారుతుంది. సైకిల్ ట్యూబు ముక్కను వాషర్‌లా వేస్తే నిలుస్తుంది. లోపలివైపు ఎల్బో (గొట్టాన్ని మలుపు తిప్పే ముక్క) పెట్టి, గొట్టాన్ని కిందికి తిప్పి బకెట్ మధ్య లోతు దాకా దించాలి. నూనె పైన తేలుతుంది, మెతుకులు అడుగున చేరతాయి, మధ్యనున్న నీరే బయటికి పోతుంది. గొట్టం మరీ కిందికి దిగితే మెతుకులనూ లాక్కుంటుంది.

బకెట్‌ను ముందు మంచినీటితో నింపి, 10 లీటర్ల నీటిలో 100 గ్రాముల అన్నం, 50 మిల్లీలీటర్ల నూనె కలిపి పోసి, బయటికొచ్చే నీటిని గుడ్డలో వడకట్టి మెతుకులు లెక్కపెట్టించండి. చెంబుతో మెల్లగా పోస్తే దాదాపుగా ఏమీ రావు. చప్పట్లు కొడతారు. అప్పుడు అడగండి: "కుళాయిలు నీళ్లు ఇలాగే పోస్తాయా?"

10 లీటర్ల బకెట్ నిమిషంలో నిండే కుళాయిలు నాలుగుంటే, అన్నీ తిప్పినప్పుడు నిమిషానికి 40 లీటర్లు. బకెట్‌లో నీరు ఆగే చోటు 15 లీటర్లు. అంటే నీరు అందులో ఉండేది 22 సెకన్లే. నూనెకు తేలే తీరిక ఉండదు, సుడిలో మెతుకులు గొట్టంలోకి పోతాయి. నాలుగు కుళాయిల నీటినీ దాంట్లోకి వదిలి, అది విఫలమవడం పిల్లలకు కళ్లారా చూపించండి. 150 లీటర్లు నిలిచే డ్రమ్ముకైతే దాదాపు 4 నిమిషాలు దొరుకుతాయి. ఈ లెక్క పిల్లలే వేయాలి, మీరు ముందే డ్రమ్ము తెప్పించకండి.

వచ్చే భాగానికి మూడు కాగితాలు సిద్ధంగా ఉంచండి: పుల్లల కొలత, గొయ్యిలో నీరు దిగిన పట్టిక, బకెట్ పరీక్షలో రెండుసార్లు వచ్చిన మెతుకుల లెక్క. డ్రమ్ము మూడో రోజుకే ఎందుకు కంపుకొడుతుందో, దాన్ని ఏ రోజు ఎవరు ఖాళీ చేయాలో అక్కడ చూద్దాం.