రాక్ పాటకు ఆర్కెస్ట్రా రాయడం: 4వ పాఠం – గిటార్ పక్కన వయొలిన్‌కు చోటు

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేసి ఉంటే మీకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. వయొలిన్లు విడిగా వింటే హాయిగా ఉంటాయి. గిటార్ అందుకోగానే ఎటుపోయాయో తెలీదు. వాల్యూమ్ పెంచినా లాభం ఉండదు, ఎందుకంటే చిక్కు శబ్దం ఎంత గట్టిగా ఉందన్నదానిలో కాదు, స్వరాల ఎత్తులో ఉంది.

గిటార్ అడుగు తీగ స్వరం ఇ (E), 82 హెర్ట్జ్, అంటే సెకనుకు 82 కంపనాలు. చెల్లో అడుగు తీగ 65, వయోలాది (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) 131, వయొలిన్‌ది 196. అంటే ఈ మూడింటి కింది తీగలూ గిటార్ తిరిగే వీధిలోనే ఉన్నాయి. పైగా డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టాక గిటార్ ఒక్క స్వరం మీటినా దాని హార్మోనిక్స్, అంటే ఆ స్వరంతో పాటే పలికే పై స్వరాలు, అన్నీ పొంగి పైదాకా వస్తాయి. అక్కడ వయొలిన్ల చేత కూడా అదే రిఫ్ (గిటార్ మళ్లీ మళ్లీ వాయించే చిన్న వరుస) వాయిస్తే వినేవాళ్లకు అందేది రొదే.

అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా 1999 ఏప్రిల్ 21, 22 తేదీల్లో బర్క్‌లీ కమ్యూనిటీ థియేటర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి రికార్డు చేసిన ‘ఎస్ అండ్ ఎం’ ఆల్బమ్‌ను ఈ చెవితో వినండి. ఆర్కెస్ట్రా భాగాలు రాసిందీ, నిలబడి నడిపించిందీ మైకేల్ కేమన్. ఆయనకు అందిన పాటల్లో చాలావాటిలో అప్పటికే ఖాళీ లేదు. గిటార్లు, డ్రమ్స్ నిండా పరుచుకుని ఉన్నాయి. ఆ కచేరీలోనే వచ్చిన కొత్త పాట ‘నో లీఫ్ క్లోవర్’ వేరు. ఆర్కెస్ట్రా ముందు ఒంటరిగా మొదలవుతుంది, బ్యాండ్ తర్వాత వస్తుంది. నా మటుకు నాకు ఆ ఆల్బమ్‌లో రెండు పక్షాలూ నిజంగా కలిసింది ఇక్కడే.

బ్రిటిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ కోసం, అందులో కీబోర్డు వాయించే జాన్ లార్డ్ రాసి, 1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో వాయించిన కాన్సెర్టోది (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన) ఇంకో దారి. మొదటి భాగంలో బ్యాండూ ఆర్కెస్ట్రా ప్రత్యర్థుల్లా వంతులు వేసుకుని పలుకుతాయి. మన జుగల్బందీ విన్న చెవికి ఇది కొత్తేమీ కాదు.

ఇప్పుడు మీ పని. ఇ మైనర్‌లో ఎనిమిది బార్ల (తాళపు ఆవర్తాల) రిఫ్ తీసుకోండి. వయొలిన్ పై తీగ ఇ, 659 హెర్ట్జ్. వయొలిన్లకు ఆ తీగ మీదే, అంతకు కిందికి దిగకుండా, పొడవాటి స్వరాలు రాయండి. రిఫ్ పరుగెత్తుతుంటే ఇవి కదలకుండా నిలబడాలి. గాయకుడు ఊపిరి తీసుకునే సందులో మాత్రం వాటికి చిన్న సంచారం ఇవ్వండి. రిఫ్‌లో గట్టిగా పడే దెబ్బలకు ట్రాంబోన్లను జత చేయండి, దెబ్బలకే.

ట్రంపెట్‌కు స్వరాలు రాసిచ్చే కాగితం దగ్గర జాగ్రత్త. బి ఫ్లాట్ ట్రంపెట్ రాసినదానికన్నా ఒక పూర్తి స్వరం కిందికి పలుకుతుంది. గిటార్ ఇ మైనర్‌లో ఉంటే ట్రంపెట్‌కు ఎఫ్ షార్ప్ మైనర్‌లోనూ, ఎఫ్ హార్న్‌కు బి మైనర్‌లోనూ రాయాలి. నేను ఒకసారి మార్చకుండా ఇచ్చేశాను. ఇ పలకాల్సిన చోట డి పలికింది. ఆ పూట రిహార్సల్‌లో సగం కాగితాలు దిద్దడానికే పోయింది, అద్దె కట్టిన హాల్లో వాద్యకారులంతా నా పెన్సిల్ వైపే చూస్తూ కూర్చున్నారు.

రాశాక గిటార్ ట్రాక్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి వినండి. రెండుసార్లూ వయొలిన్ స్వరాన్ని మీరు గొంతుతో పట్టుకుని పాడగలిగితే 5వ పాఠానికి రండి. అందులో డ్రమ్స్ మోత వయొలిన్ మైకుల్లోకి దూరకుండా ఎలా కూర్చోబెట్టాలో చూద్దాం.