ఉబుంటుకి ఎస్ఎస్‌డీ కనపడకపోతే

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్ని కొడుకు లాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామని కూర్చున్నాం. ఇన్‌స్టాలర్‌లో డిస్కుల జాబితాలో పెన్‌డ్రైవ్ తప్ప ఇంకేమీ రాలేదు, లాప్‌టాప్‌లో డేటా ఉండే డ్రైవు ఎస్ఎస్‌డీ కూడా. "అన్నయ్యా, ఎస్ఎస్‌డీ పోయిందా?" అని వాడికి టెన్షన్. విండోస్ నిక్షేపంగా తెరుచుకుంటుంటే పోవడమేంటి!

పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటు నడిపే లైవ్ సెషన్‌లో టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ (లోపలి పరికరాల జాబితా చూపే కమాండ్) కొడితే 'రెయిడ్ బస్ కంట్రోలర్' అని ఒక లైను కనిపించింది. దొంగ దొరికాడు. బయోస్‌లో (లాప్‌టాప్ ఆన్ కాగానే నడిచే మూల సెట్టింగుల ప్రోగ్రాంలో) స్టోరేజీ ఆర్ఎస్‌టీ (ఇంటెల్ రెయిడ్) మోడ్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ డ్రైవు, అంటే ఈ ఎస్ఎస్‌డీ, ఆ కంట్రోలర్ చాటున ఉండిపోతుంది, లినక్స్‌కి నేరుగా కనపడదు. డ్రైవు నేరుగా కనపడే ఏహెచ్‌సీఐ మోడ్‌కి మార్చాలి.

ఊరికే మార్చేస్తే మాత్రం విండోస్ నీలం తెర వేసి కూర్చుంటుంది. అందుకే ముందు బిట్‌లాకర్ (విండోస్ డ్రైవుకి వేసే తాళం) రికవరీ కీ రాసిపెట్టుకున్నాం. విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (బూట్ సెట్టింగులు మార్చే టూల్) తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్‌కి టిక్ పెట్టి, రీస్టార్ట్ అవుతుండగానే ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లాం. అక్కడ మోడ్ మార్చే ఆప్షనే లేదు! మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేగానీ బయటికి రాలేదు. ఇలా దాచిపెట్టడం ఎవరి తెలివో మరి. మోడ్ మార్చాక విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి, కొత్త డ్రైవరు తనే పట్టుకుంది. టిక్ తీసేశాం.

ఈసారి ఇన్‌స్టాలర్‌లో ఎస్ఎస్‌డీ, పార్టిషన్లు అన్నీ వచ్చాయి. వైఫై రాలేదు గానీ, ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి కానిచ్చేశాం.