అక్టోబరులో జర్మనీ వెళ్తున్నారా? బట్టలు సర్దే ముందు

వింటర్ సెమిస్టర్‌కి వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి.

• వింటర్‌యాకె, అంటే చలికోటు, ఇక్కడే కొనేయకండి. లగేజీ బరువంతా అదే తినేస్తుంది, వానకు తడిస్తే డబ్బు దండగ. అక్కడ లేబుల్ మీద ‘వాసర్‌డిష్ట్’ అని ఉంటే నీళ్లు లోపలికి రావు. ‘వాసర్అబ్‌వైజెండ్’ అయితే చిన్న తుంపరకే ఆగుతుంది. దిగిన రోజుకి స్వెట్టర్, రెయిన్‌కోటు చేతి బ్యాగులో పెట్టుకోండి.

• కాస్సెన్‌బోన్, అదే బిల్లు, దాచుకోండి. సైజు కుదరలేదని వెనక్కిస్తే తీసుకోవాలన్న చట్టం షాపులకు లేదు, వాళ్ల దయ. ఆన్‌లైన్లో కొంటే మాత్రం సాధారణంగా 14 రోజుల హక్కుంది.

• మన 8 నంబరు షూ అక్కడ సుమారు 42. మందపాటి సాక్సుతో వేసుకుని చూడండి.

• ఆదివారం బట్టల షాపులు మూసేస్తారు. అక్టోబరు 3 కూడా సెలవే.

• జర్మన్లు ఇంట్లో బూట్లతోనే తిరుగుతారా అని అడుగుతుంటారు. చాలా ఇళ్లలో గుమ్మం దగ్గరే విప్పేస్తారు. హౌస్‌షూయె, ఇంటి చెప్పులు, ఒక జత పట్టుకెళ్లండి.